సైడ్ ఇచ్చిన డబ్బా

మా ఇంటికి ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే కారు వెనక సీటు చూపించి కూర్చోమనేదాన్ని. ఇటుకలు పేర్చి, వాటి మీద ఆ సీటు పెట్టి, గోడకు ఆనించాం. కూర్చున్నవాళ్ళు మెల్లమెల్లగా లోపలికి దిగబడిపోయి, లేచేటప్పుడు చేయి అందించమనేవాళ్ళు. ఒకసారి పాస్టరుగారు ప్రార్థన ముగించాక లేవలేక, ఆ సంగతి బయటపడకుండా ఇంకో ప్రార్థన మొదలుపెట్టారని నేను బడిలో చెప్పి అందరినీ నవ్వించాను. అందులో సగం అబద్ధం. సీటు సంగతి మాత్రం నిజం.

ఆ సీటు మా ఇంటికి వచ్చింది పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో. అప్పుడు నేను జహీరాబాద్‌లో మిషన్ బడిలో ఆడపిల్లలకు కుట్లు నేర్పేదాన్ని. మా ఆయన అల్లం వ్యాపారం చేసే ఒక సేటు దగ్గర లారీ డ్రైవరు. ఇక్కడ అల్లం ఎక్కించుకుని షోలాపూర్‌లో దింపి, అక్కడ ఉల్లిగడ్డ వేసుకుని తిరిగొచ్చేవాడు. వచ్చిన రోజు మా సందు మలుపులో రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా హారన్ కొట్టేవాడు. అది వినబడగానే నేను పొయ్యి మీద పెనం పెట్టేదాన్ని. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి జొన్నరొట్టె పొంగుతూ ఉండేది. చల్లారిన రొట్టె ఆయనకు పడదు. పెళ్ళయిన కొత్తలోనే ఆ మాట చెప్పి నా చేత తిట్లు తిన్నాడు గాని, పద్ధతి మాత్రం అదే నిలిచిపోయింది.

తర్వాత ఆ హారన్ ఆగిపోయింది.

ఆ రోజుల్లో బొంబాయి రోడ్డు అంటే మధ్యలో ఒక్క లారీ పట్టేంత తారు, రెండు పక్కలా మట్టి. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు తారు దిగాలి. వెనక నుంచి ఎవరైనా హారన్ కొడితే ముందువాడు దిగాలి. దీన్నే సైడ్ ఇవ్వడం అనేవాళ్ళు. ఎవరు ఎవరికి సైడ్ ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్నదాని మీద డ్రైవర్ల మధ్య స్నేహాలూ ఉండేవి, ఏళ్ళ తరబడి మాటల్లేకపోవడాలూ ఉండేవి. మా ఆయనకు సైడ్ ఇవ్వడమంటే తలవంపులు. ఎదుటి బండి మట్టిలోకి దిగేదాకా తారు మీద కదలకుండా పోవడం ఆయన గొప్ప. ఇవాళ ఎవరెవర్ని దింపాడో రొట్టె తింటూ వరసగా చెప్పేవాడు. నేను నవ్వుతూ వినేదాన్ని. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గు.

ఒక మధ్యాహ్నం చిరాగ్‌పల్లి మలుపులో చెరుకు బండి ఎదురైంది. బండి తోలే ఆయన చెరుకు మీద పడుకుని నిద్రపోతున్నాడు. లారీ హారన్ వింటే ఎడ్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి, వాటికది అలవాటు. మా ఆయన హారన్ కొట్టాడు గాని తారు దిగలేదు. ఎడ్లు తప్పుకున్నాయి, కాకపోతే ఒక్క క్షణం ఆలస్యంగా. లారీ అంచు తగిలి బండి బోర్లా పడింది. ఒక ఎద్దు అక్కడే చచ్చిపోయింది. బండాయన కాలు విరిగి చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. పంచాయితీ అయింది, ఎద్దుకు ఎద్దు ఇప్పించారు. కాలు అతుక్కున్నాక ఆ మనిషే కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చి, నిద్రపోయింది తనే కదా అని మా ఆయనకు ధైర్యం చెప్పిపోయాడు. అది మా ఆయనకు ఇంకా కష్టమైంది. మా ఆయన లారీ తాళాలు సేటు చేతిలో పెట్టి వచ్చి, మళ్ళీ స్టీరింగు ముట్టలేదు. బస్సెక్కినా ముందు వైపు కూర్చునేవాడు కాదు, ఆఖరి వరసలో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. అలా రెండేళ్ళు గడిచాయి. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, నాకు మాత్రం ఆయన మీద బెంగగా ఉండేది.

చిన్నప్పుడు మా ఆయనకు బండ్లు బాగుచేసే పని నేర్పిన ఉస్తాద్ షెడ్డు మా ఇంటికి దగ్గరే. ఒక కంటికి పొర కమ్మిన పెద్దాయన. ఇంజను శబ్దం విని దాని రోగం చెప్పేవాడు. మా ఆయన అక్కడ చేరి, కిరసనాయిల్లో సామాన్లు కడుగుతూ, తల ఎత్తకుండా పొద్దు పుచ్చేవాడు. ఆ షెడ్డులోకే ఒకనాడు డబ్బా వచ్చింది.

అది దవాఖాన డాక్టరుగారి పాత చిన్న కారు. దాని అసలు పేరు ఇంగ్లీషుది, ఎవరికీ నోరు తిరగక డబ్బా అన్నారు. చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి నిలబడి, లోపల కోళ్ళు గుడ్లు పెట్టే స్థితికి వచ్చింది. డాక్టరుగారు కొత్త కారు కొనుక్కుని, దాన్ని ఉస్తాద్‌కు దాదాపు ఊరికే ఇచ్చేశారు. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పారు. హుమ్నాబాద్ వైపు పోయే దారిలో, రోడ్డు నుంచి కాస్త లోపలికి, నవాబుల కాలంలో వేసిన విమానాల మైదానం ఒకటి పాడుబడి ఉంది. చలికాలంలో ఒక ఆదివారం ఆయనా, ఆయన స్నేహితులూ అక్కడ కార్లు పరుగెత్తించి సరదా పడతారట. బహుమతి లేదు, వచ్చినవాళ్ళందరికీ టీ, సమోసా. ఉస్తాద్ ఆ మాట పట్టుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషికి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

నేను షెడ్డుకు సద్ది తీసుకెళితే ఉస్తాద్ నాకు పాఠం చెప్పాడు. "బండి హల్కా గావాలె బేటీ. హల్కా అయితెనే ఉరుకుతది." అంటే బరువు తగ్గించాలి. పక్కనే అల్లం తూచే కాంటా ఉంది. ఊడదీసిన ప్రతి ముక్కనూ దాని మీద పెట్టి, ఇంత తగ్గిందని బొగ్గుతో గోడ మీద రాసేవాడు. తూచిన సామాను పెట్టుకోవడానికి షెడ్డులో చోటు లేదు. అందుకని కారు బరువు తగ్గినకొద్దీ మా ఇంటి బరువు పెరిగింది. వెనక సీటు మొదట వచ్చింది. తర్వాత మడ్‌గార్డులు వచ్చాయి, వాటిని తిరగేసి కోళ్ళకు నీళ్ళు పోశాను. ముందు బంపరు దొడ్లో బట్టలారేసే దండెం అయింది. దీపాలు తీసేశారు, వాటి అద్దాల్లో ఒకదాంట్లో ఉప్పు పోసుకున్నాను. కారు కిందికి కుంగితే మలుపులో నిలకడగా ఉంటుందని చక్రాల పైన ఉండే ఇనుప కమానులో రెండు పట్టీలు తీసేస్తే, కమ్మరి వాటితో నాకు రెండు కత్తిపీటలు చేసిచ్చాడు. అలాంటి పదునైన కత్తిపీట మళ్ళీ నాకు దొరకలేదు. ఆఖరికి హారన్ కూడా వచ్చింది. రబ్బరు బుడ్డ నొక్కితే బాతు గొంతుతో అరిచేది. దాన్ని గోడకు మేకు కొట్టి తగిలించాను. తలుపులు తీసేసిన చోట మందపాటి ఖాకీ గుడ్డ నేనే కుట్టాను.

ఇంజను పని మా ఆయన చేతికి వచ్చింది. ఇంజను పైన మూతలాగా ఉండే హెడ్డును కొంచెం అరగదీస్తే లోపల గ్యాసు గట్టిగా నొక్కుకుని బలం పెరుగుతుందట. దళసరి అద్దం మీద నూనె, గరుకు ఎమరీ పొడి వేసి, హెడ్డును బోర్లించి చేత్తో రుద్దాలి. పది పన్నెండు రోజులు ఆయన అదే పని చేశాడు. పిండి విసిరినట్టు చప్పుడు వచ్చేది. చేతులు నల్లగా, నుదురు చెమటగా ఇంటికి వచ్చి, ఇవాళ వెంట్రుకంత దిగింది అని చెప్పేవాడు. రెండేళ్ళ తర్వాత ఆయన రొట్టె తింటూ నాకొక కబురు చెప్పడం అదే మొదలు.

అందుకే బిందె ఇచ్చాను. హెడ్డు అరగదీశాక దాని కింద వేసే రేకు పాతది పనికిరాదు, మెత్తటి రాగి కావాలి అన్నాడు ఉస్తాద్. అంటూ మా గుమ్మంలో ఉన్న రాగిబిందెను గోటితో టంగుమని కొట్టి చూశాడు. అది మా అమ్మ ఇచ్చింది. నాకు ఒళ్ళు మండి, ఇల్లంతా కారయింది, ఇక బిందె కూడా కారు కావాలా అని దులిపేశాను. ఉస్తాద్ వెనక్కి తిరిగి పోయాడు. రెండు రోజులు ఆలోచించి నేనే మోసుకెళ్ళి షెడ్డులో పెట్టాను. అమ్మ బతికుంటే తనూ అదే చేసేది.

బండి సిద్ధమైంది. తోలేవాడు లేడు. ఉస్తాద్‌కు ఒక కన్నే పని చేస్తుంది, పైగా బాగుచేయడంలో ఎంత గొప్పవాడో నడపడంలో అంత అన్యాయం. మా ఆయన్ని అడిగాడు. "నేను స్టీరింగు పట్ట. ఇంకెవర్నన్న సూసుకో ఉస్తాద్" అని మా ఆయన లేచి వచ్చేశాడు. ఆ సాయంత్రం నేను ఆయన పక్కన కూర్చుని, కోపం లేకుండా మాట్లాడటానికి చాలా కష్టపడి, ఒక సంగతి చెప్పాను.

"ఆడ ఎదురొచ్చేటోడు ఎవ్వడు లేడు. ఎడ్లబండ్లు లేవు. అందరు ఒక్క దిక్కే పోతరు."

"అందరు ఒక్క దిక్కేనా?" అని అడిగాడు.

ఒక్క దిక్కే అన్నాను.

మర్నాడు ఊరి బయట చెరుకు నరికేసిన చేలో డబ్బాను నడిపి చూశారు. స్టీరింగు ఉస్తాద్ చేతిలో ఉంది, పక్కన మా ఆయన ఇంజను చప్పుడు వినడానికి కూర్చున్నాడు. నేను గట్టు మీద నిలబడ్డాను. డబ్బా ఒక్క దుముకు దుమికి, ఎండుటాకు కుప్ప మీదికి నేరుగా పోయింది. ఉస్తాద్‌కు ఆ వైపు కన్ను కనబడదు. మా ఆయన చేయి చాచి స్టీరింగు తిప్పాడు. కుప్ప పక్కనుంచి పోయింది బండి. పోయాక కూడా ఆయన చేయి తీయలేదు. ఆ చేతిని ఆయనే వింతగా చూసుకుంటున్నాడు.

నెల రోజులు మా ఆయన ఆ చేలోనే డబ్బాలో ఒంటరిగా చుట్లు తిరిగాడు. రోడ్డెక్కమంటే మాత్రం వినలేదు. అందుకని ఆ ఆదివారం సేటు లారీలో డబ్బాను ఎక్కించి, పైన ముగ్గురం కూర్చుని మైదానానికి పోయాం. ఆరాధన ఎగ్గొట్టినందుకు పాస్టరుగారికి ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను.

ఎర్రమట్టి మధ్య పొడుగాటి సిమెంటు పట్టీ. దానికి ఆ చివరా ఈ చివరా తారు డ్రమ్ములు పెట్టి, సున్నంతో గీతలు గీశారు. డ్రమ్ముల చుట్టూ పది చుట్లు తిరగాలి. ఏడు కార్లు వచ్చాయి. డబ్బా తప్ప అన్నీ తళతళలాడే కార్లే, దీపాలూ హారన్లూ అన్నీ ఉన్నవి. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కన్నడంలో మా డబ్బాను చూసి ఏదో అనుకుని నవ్వారు. అర్థం కాకపోయినా అర్థమైంది.

డాక్టరుగారు రుమాలు ఊపారు. మొదటి మలుపులోనే నవ్వులు ఆగిపోయాయి. మిగతా కార్లు డ్రమ్ము దగ్గర నెమ్మదించి తడబడుతుంటే, మా ఆయన గేరు మార్చి, డ్రమ్మును రాసుకుంటూ తిరిగి, ముందుకు వచ్చేశాడు. మూడు చుట్లు డబ్బాయే ముందు. ఉస్తాద్ నా భుజం తడుతూ అల్లాను తలుచుకున్నాడు. నేను యేసును తలుచుకున్నాను, మధ్యలో అమ్మ బిందెను కూడా.

నాలుగో చుట్టులో వెనక ఉన్న కారు హారన్ కొట్టింది.

మా ఆయన కుడిచేయి బయటికి వచ్చింది. పో, పో అన్నట్టు మెల్లగా ఊపింది. డబ్బా సిమెంటు దిగి గడ్డిలోకి పోయి నెమ్మదించింది. ఆ కారు దూసుకుపోయింది. వెనకే ఇంకోటి హారన్ కొట్టింది. దానికీ చేయి ఊపాడు. ఇదేదో బాగుందని తక్కినవాళ్ళూ హారన్ మొదలుపెట్టారు. ఒక్కొక్కరికీ దిగి, చేయి ఊపి, మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ మలుపుల్లో ఒకరిద్దర్ని దాటేవాడు, మళ్ళీ హారన్, మళ్ళీ గడ్డి. మైదానమంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఉస్తాద్ తల కొట్టుకున్నాడు. సైడ్ ఇవ్వొద్దని నేను గొంతు చించుకుని అరిచాను. ఇంజన్ల మోతలో ఆయనకు వినబడిందో లేదో తెలియదు. అందరికంటే ఆఖర్న వచ్చాడు.

దిగాక డాక్టరుగారు నవ్వు ఆపుకుంటూ అడిగారు, ఇది పందెం కదా, ఎందుకు దారి ఇచ్చావని.

"ఎన్కకెళ్ళి హారన్ కొట్టిన్రు గద సారూ. ఇయ్యకుంటె ఎట్ల?" అన్నాడు మా ఆయన. నిజంగానే అడిగాడు.

సమోసాలు తిన్నాం. సాయంత్రానికి వస్తానన్న లారీ రాలేదు. డబ్బాకు దీపాలు లేవు, పొద్దుగూకేలోపు ఊరు చేరాలి. ఉస్తాద్ చేసేది లేక స్టీరింగు ముందు కూర్చోబోయాడు. మా ఆయన ఆయన్ని ఒక చూపు చూసి, జరగమన్నాడు. వెనక సీటు లేని చోట గోనెసంచి వేసుకుని కూర్చున్నాను. డబ్బా బొంబాయి రోడ్డెక్కింది.

భయం పోవడానికి నేను తిట్టడం మొదలుపెట్టాను. మూడు చుట్లు ముందున్నవాడివి, నలుగురిలో నవ్వులపాలు చేశావు, ఉస్తాద్ ఆరు నెలల కష్టం గడ్డిపాలు చేశావు అని. ఉస్తాద్ కూడా వంత పాడాడు. మా ఆయన రోడ్డు మీద నుంచి కళ్ళు తిప్పకుండా అన్నాడు.

"హారన్ ఇన్నప్పుడల్ల దిగిన. దిగినప్పుడల్ల పానం జర హల్కా అయింది."

తన మాటే తనకు తిరిగి వినబడి ఉస్తాద్ నోరు మూశాడు. నేనూ మూశాను. ఒకప్పుడు రొట్టె తింటూ ఎవరెవర్ని మట్టిలోకి దింపాడో ఈ నోటితోనే చెప్పాడు, ఈ చెవులతోనే నవ్వుతూ విన్నాను. పందెంలో ఓడిపోయాడని ఇంతసేపూ మొత్తుకున్నది నేనేనా అనిపించింది.

చిరాగ్‌పల్లి మలుపు వచ్చేసరికి ఎండ పచ్చబడింది. ఎదురుగా చెరుకు బండి. పైన మనిషి మొహం మీద తువ్వాలు కప్పుకుని పడుకున్నాడు. అది ఆ బండి కాదు, ఆ మనిషి కాదు. అయినా నేను గోనెసంచి గట్టిగా పట్టుకున్నాను. డబ్బాకు హారన్ లేదు. మా ఆయన ఎంతో దూరం ఉండగానే తారు దిగాడు. మట్టిలో పక్కగా ఆపి, ఎడ్లు బెదరకుండా ఇంజను కూడా ఆపేశాడు. బండి గంటల చప్పుడుతో మా పక్కనుంచి పోయింది. చెరుకాకు ఒకటి ఆయన మోచేతికి తగిలింది. బండి చాలా దూరం పోయేదాకా ఆయన అలాగే కూర్చుని, తర్వాత ఏడ్చాడు. నేను వెనకనుంచి భుజం మీద చేయి వేశాను. ఉస్తాద్ తల తిప్పుకుని చేల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆపిన డబ్బా మళ్ళీ ఎప్పుడూ తొందరగా స్టార్టయ్యేది కాదు. ఆదివారం కట్టుకునే మంచి చీరలో నేనూ, ఆ వయసులో ఉస్తాదూ దిగి తోశాం. ఇల్లు చేరేసరికి మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

వారం తిరక్కముందే ఒక పొద్దున, బడికి పోయే తొందరలో గోడ వైపు చూస్తే మేకు ఖాళీగా ఉంది. బాతు హారన్ లేదు. ఆయనా లేడు, జర పనుందని తెల్లారక ముందే పోయాడు. బళ్ళో పిల్లలకు కుట్టు చూపిస్తుంటే మధ్యాహ్నం ఎవరో చెప్పారు, మీ ఆయన సేటు దగ్గర తాళాలు తీసుకున్నాడు, అల్లం లోడుతో షోలాపూర్ పోయాడు అని. ఆ రోజు నేను చూపించిన కుట్లన్నీ వంకరే.

మర్నాడు మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలి. పిండి కలిపి పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. మూడయింది, నాలుగయింది. చిరాగ్‌పల్లి మలుపు కళ్ళ ముందుకొచ్చింది. గుమ్మంలోకీ ఇంట్లోకీ ఎన్నిసార్లు తిరిగానో. కారు సీటులో కూర్చుంటే మళ్ళీ లేవలేనని నిలబడే ఉన్నాను. అప్పుడు తట్టింది, షోలాపూర్ నుంచి దారి పొడుగునా అందరికీ సైడ్ ఇస్తూ వచ్చే మనిషికి ఆలస్యం కాక ఏమవుతుందని.

అయిదు దాటాక సందు మలుపులో హారన్ మోగింది. రెండుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. అంత పెద్ద లారీ బాతు గొంతుతో అరిస్తే వీధిలో అందరూ నవ్వారు. నేను పెనం పెట్టాను. తొందరలో మొదటి రొట్టె విరిగిపోయింది, అది నేను తిని ఆయనకు రెండోది వేశాను.